కార్డు వెనకవైపు

నాలుగువేల పైచిలుకు కార్డుల్లో ఓదార్పుకి ఒక్కటంటే ఒక్క కార్డు లేదని సోమవారం పొద్దున తేలింది. కార్డులమ్మ ‘బాధపెట్టడం’ అర లాగితే పంతొమ్మిది కార్డులు వచ్చాయి. ‘అవమానించడం’లో పదకొండు. ‘భయపెట్టడం’ కట్టకి రబ్బరుబ్యాండు చాలక దారం చుట్టాల్సి వచ్చింది. ‘ఓదార్చడం’ అని చీటీ అంటించిన అర మాత్రం అద్దెవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన గదిలా బోసిగా ఉంది. లోపల ఒక గుండుసూది తప్ప ఏమీ లేదు.

“ఇరవై రెండేళ్లలో ఈ బడిలో ఎవరూ ఎవరినీ ఓదార్చిన పాపాన పోలేదా?” అని పైకే అనేసింది ఆవిడ.

ఆ భాషల బడిలో పెద్దసారు స్పానిష్ వ్యాకరణం రాస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా రాస్తూనే ఉన్నారు. అన్నేళ్లుగానూ ఆవిడ ఆయనకి కార్డులు రాసి పెడుతోంది కాబట్టి అందరికీ కార్డులమ్మ అయింది, ఇంట్లో మొగుడితో సహా. సారుది ఒకటే పట్టు. పుస్తకంలో ఏ ఉదాహరణా కల్పించకూడదు. “కల్పించిన వాక్యానికి కాళ్లుండవు. చదివేవాడి బుర్రలోకి నడిచి వెళ్లదు” అంటారు. అందుకని కార్డు ముందువైపు స్పానిష్ వాక్యం, దాని కింద తెలుగు అర్థం ఉంటాయి. వెనకవైపు అసలు జరిగిన సంగతి ఉంటుంది. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఎందుకు, చూసింది ఎవరు. వెనక ఖాళీగా ఉన్న కార్డుని సారు చెత్తబుట్టలో వేస్తారు, ముందు ఎంత చక్కటి వాక్యం ఉన్నా సరే.

ఇప్పుడు పదకొండో అధ్యాయం నడుస్తోంది. మనసుకి సంబంధించిన క్రియలూ, వాటి కర్మణి ప్రయోగమూ. శుక్రవారానికల్లా కింది అంతస్తులోని అచ్చుకి పోవాలి.

“మనకి కోపం వస్తుంది, భయం వేస్తుంది, సిగ్గేస్తుంది. చినుకు పడ్డట్టు వాటంతటవే వచ్చి మీద పడతాయి. వాళ్ల భాషలోనూ అలాంటివి బోలెడున్నాయి” అన్నారు సారు, ఖాళీ అర వైపు చూస్తూ. “కానీ ఈ కర్మణి ఉంది చూశావూ, ‘ఫ్వే’ అని మొదలై ‘పోర్’, అంటే మన ‘చేత’, దగ్గరికొచ్చేసరికి, చేసినవాణ్ణి చెవి పట్టుకుని తీసుకొచ్చి నిలబెడుతుంది. ఏదో చప్పుడికి నువ్వు జడుసుకుంటే ఇది అంతగా అతకదు. ఎవడో కావాలని జడిపిస్తే భేషుగ్గా అతుకుతుంది. మనిషి తెలిసి చేసిన పని కావాలమ్మా. ఓదార్చడం కంటే తెలిసి చేసే పని ఇంకేముంది? ఆ కార్డు లేకుండా అధ్యాయం వెళ్లదు.”

“ఎక్కణ్ణుంచి తెమ్మంటారు సార్?”

“కళ్లు తెరుచుకుని తిరుగు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఓదారుస్తూనే ఉంటారు” అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నమే పిడుగు పడింది. పుస్తకంలో మొదటి అధ్యాయాలు నమూనాగా అచ్చువేసి బడి కమిటీవాళ్లకి పంపారు. కమిటీ సమావేశానికని వెళ్లిన సారు మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చారు. చేతిలో నమూనా పుస్తకం, అందులో నలభైమూడో పేజీ తెరిచి ఉంది. పేజీలో ‘కుటుంబం కంగారుగా ఉంది’ అన్న స్పానిష్ వాక్యం సరిగ్గానే పడింది. దాని కింద అర్థం ఉండాల్సిన చోట కార్డు వెనకవైపు సంగతి అచ్చయింది. ‘సారుగారి పళ్లసెట్టు కనపడక ఇంటిల్లిపాదీ వెతికారు. చివరికి ఆయన చొక్కా జేబులోనే దొరికింది. చూసింది: వారి ఆవిడ.’ ఇన్నేళ్లలో ఇలాంటి తప్పు పడటం అదే మొదలు. కమిటీలో ఒకాయన దాన్ని పైకి చదివాడట. మిగతావాళ్లు టీ కప్పులు కింద పెట్టి మరీ నవ్వారట.

సారు నేరుగా ప్రూఫుల బాబాయి బల్ల దగ్గరికి వెళ్లారు. బాబాయికి అరవై ఆరేళ్లు. కిటికీ పక్క బల్ల, ఒక అడుగు స్కేలు, ఒక ఎర్ర పెన్సిలు, ఇంతే ఆయన సామ్రాజ్యం. స్కేలుని వరుస కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ పలకరించి గానీ వదిలేవాడు కాదు. అచ్చుతప్పు ఆయన కంట పడకుండా పోవడమంటే చీమ కాలు విరక్కుండా రైలు చక్రం కింద నుంచి వెళ్లడమే అని బడిలో వేళాకోళం.

“ఇది మీ కళ్లకి ఆనలేదా?” అన్నారు సారు. గది నిండా లెక్చరర్లున్నారు. ఇద్దరు విద్యార్థులు గుమ్మంలో ఉన్నారు. “పళ్లసెట్టు! వ్యాకరణంలో పళ్లసెట్టు! ఏం చూస్తున్నారండీ ఇక్కడ కూర్చుని?”

బాబాయి లేచి నిలబడ్డాడు. “గుర్తు పెట్టినట్టే ఉందండీ...”

“ఉందండీ ఏమిటి? కళ్లు పోతే పోయాయని చెప్పి ఇంట్లో కూర్చోవాలి. జనాన్ని ముంచకూడదు.”

బాబాయి పేజీని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. తరవాత స్కేలు మీద పెన్సిలు పెట్టి, రెండూ బల్ల మధ్యకి జరిపి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. కార్డులమ్మకి జాలేసింది. పెద్దవాడయ్యాడు పాపం, కన్ను తప్పి ఉంటుంది అనుకుంది.

సాయంత్రం తన బల్ల సర్దుతూ పాత ప్రూఫుల కట్ట విప్పింది. నలభైరెండో కాగితం తియ్యబోతే బరువుగా అనిపించింది. దాని వెనక, బంక మరకకి అతుక్కుని, నలభైమూడు ఉంది. మెల్లగా విడదీసింది. పళ్లసెట్టు వాక్యం చుట్టూ ఎర్ర పెన్సిలుతో గుండ్రటి సున్నా. పక్క మార్జిన్లో ముత్యాల్లాంటి అక్షరాలు. ‘ఇది అర్థమా, కార్డు వెనక సంగతా? ఒక్కసారి చూడండమ్మా.’

కార్డుని తిరగేసి ఎత్తిరాసింది తనే. బాబాయి పట్టుకున్న తప్పుని అచ్చుకి చేర్చకుండా బల్లలో పెట్టుకున్నదీ తనే. ఆవిడ కాగితాన్ని సొరుగులో అడుక్కి తోసి, తాళం వేసి, తాళంచెవి రవికెలో దోపుకుని ఇంటికి పోయింది. బస్సులో తన స్టాపు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

మంగళవారం కిటికీ పక్క కుర్చీ ఖాళీ. పదింటికి పిన్ని, అంటే బాబాయి భార్య, ఫోన్ చేసింది.

“మీ బాబాయి ఇక రాడటమ్మా. అద్దాల షాపుకెళ్లి కళ్లు చూపించుకున్నాడు. వాళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఆ మిషనే పాడైపోయి ఉంటుందని ఇంకో షాపుకెళ్లాడు.”

“అక్కడేమన్నారు పిన్నీ?”

“అదే అన్నారు. ఈయన వింటేగా! కళ్లు బాగుంటే తప్పెలా పోయిందే అంటాడు. పొద్దున్నించీ మందుపెట్టెల మీద చిన్నక్షరాలు చదివి నన్ను సరిచూడమంటున్నాడు. నాకు అ ఆలే సరిగా రావు, నేనేం సరిచూస్తాను చెప్పు?”

కార్డులమ్మ నాలిక చివరిదాకా వచ్చింది మాట. ‘ఉంటాను పిన్నీ’ అని పెట్టేసింది. సారుకి తెలిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఇరవై రెండేళ్లుగా ‘నా కుడిచెయ్యి’ అని సారు నలుగురికీ చెప్పుకుంటారు. కమిటీలో తన పరువు తీసింది ఆ కుడిచెయ్యే అని తెలిస్తే! భయం, సిగ్గు రెండూ వేశాయి. రెండింట్లో ఏది ముందు వేసిందో ఆవిడకే తెలీదు.

సాయంత్రం ఇంట్లో ఓదార్పు కార్డు కష్టం మొగుడితో చెప్పుకుంది, రెండో కష్టం మాత్రం దాచి. ఆయన ఇస్త్రీ చేసుకుంటూ వింటున్నాడు. వింటూ వింటూ చొక్కా జేబు కాల్చాడు.

“చూశావా, నాకు చాలా బాధగా ఉంది. ఓదార్చు. కార్డు రాసుకో” అని చొక్కా చాపాడు.

“నీకు బాధా? పళ్లికిలిస్తున్నావ్.”

“లోపల కుమిలిపోతున్నానే. కార్డు వెనక రాసుకో. సాక్షి: ఇస్త్రీపెట్టె.”

ఆవిడ నవ్వలేదు. ఆయన ప్లగ్గు పీకి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “ఇది కార్డు సంగతి కాదు, ఇంకేదో ఉంది. చెప్పాలనిపిస్తే చెప్పు” అని కాలిన చొక్కానే మడతపెట్టాడు.

బుధవారం కళ్లు తెరుచుకుని తిరిగింది. క్యాంటీన్లో కూర్చుంది, లైబ్రరీలో నిలబడింది. చిత్రమేమిటంటే, చూద్దామని వెతికితే ఎవరూ ఎవరినీ ఓదార్చరు. మధ్యాహ్నం మేడమెట్ల దగ్గర కొత్తగా చేరిన లెక్చరరమ్మ గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. కార్డులమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్లి భుజం మీద చెయ్యేసి, “ఊరుకోమ్మా, కష్టాలు మనుషులకి కాక మానులకి వస్తాయా” అంది.

“జలుబండీ” అంది ఆ పిల్ల, తుమ్మబోతూ. “మూడు రోజుల్నించీ ఇంతే.”

కార్డులమ్మ చెయ్యి తీసేసుకుంది. చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. ఆ పిల్ల నిజంగా ఏడుస్తూ ఉంటే తను ఏం చేసి ఉండేది? ఓ చేత్తో కళ్లు తుడిచి, రెండో చేత్తో తేదీ రాసుకునేది. నిజంగా ఓదార్చాల్సిన మనిషి మందుపెట్టెలు చదువుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు. ఆయనకి కావలసిన ఓదార్పు తన సొరుగులో తాళం వేసి ఉంది. తనని తనే తిట్టుకుంది, వినపడేలా తిట్టుకుంది. మెట్లు దిగుతున్న ఇద్దరు కుర్రాళ్లు పక్కకి తప్పుకున్నారు.

గురువారం సగం రోజు సెలవు పెట్టి, కాగితాన్ని అట్టల మధ్య పెట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తు, సన్నటి వరండా, తలుపు పక్క ఆరేసిన తువ్వాళ్లు. బాబాయి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, ఎడంకన్ను అరచేత్తో మూసుకుని, గోడ మీది క్యాలెండర్లో అడుగున ఉన్న ప్రెస్సు చిరునామా చదువుతున్నాడు.

“రా తల్లీ. ఇక్కడ చివర ఉన్నది మూడా, ఎనిమిదా?”

“ఎనిమిది బాబాయ్.”

“నేనూ అదే అనుకున్నా” అన్నాడు ఆయన. కానీ గొంతులో నమ్మకం లేదు. “అనుకోవడం వేరు కదమ్మా. ఇన్నాళ్లూ చూసేవాణ్ణి. ఇప్పుడు అనుకుంటున్నా.”

ఆవిడ అట్టలు విప్పి, కాగితం ఆయన ఒళ్లో పెట్టింది.

బాబాయి స్కేలు కోసం అలవాటుగా చెయ్యి చాపాడు. స్కేలు బడిలో ఉండిపోయింది. చూపుడువేలు వరుస కింద పెట్టుకుని, పెదవులు కదుపుతూ వచ్చి, ఎర్ర సున్నా దగ్గర ఆగాడు. మార్జిన్ చదివాడు. ఇంకోసారి చదివాడు.

“పట్టుకున్నానే!” అన్నాడు. తరవాత గట్టిగా, వంటింట్లోకి వినపడేలా, “ఏమేవ్! పట్టుకున్నానే! ఇదిగో, నా రాత! నా కళ్లు పోలేదే!”

పిన్ని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి ఆ కాగితంలో ఏముందో తెలీదు. మొగుడి మొహంలో ఉన్నది చదవడానికి అక్షరాలు అక్కర్లేదు కాబట్టి అక్కడే కూలబడి, “హమ్మయ్య, ఇక మందుపెట్టెలు లోపల పెట్టచ్చు” అంది.

“నా బల్లలోనే ఉంది బాబాయ్” అంది కార్డులమ్మ. “సోమవారమే దొరికింది. తిరగేసి రాసిందీ నేనే. తెలిసీ... మూడు రోజులు... నోరు మూసుకుని...” అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. నలభై ఏడేళ్ల మనిషి, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

బాబాయి కంగారుపడ్డాడు. స్టూలు ఆవిడ వైపు జరిపి కూర్చోబెట్టాడు. తను నేల మీద చతికిలబడ్డాడు, ఆ వయసులో మోకాళ్లు అలా మడవడానికి ఎంత కష్టమో ఆ మోకాళ్లకే తెలుసు. మంచినీళ్లు తెమ్మన్నాడు. అరటిపండు తొక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఏడుపెందుకు తల్లీ? నాకు కళ్లు తెచ్చిచ్చావు. నేను నీ వయసులో ఉన్నప్పుడు ఏం చేశానో చెప్పనా? ఒక పెళ్లి శుభలేఖ చూశా. పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట పెళ్లికూతురి తండ్రి పేరుంది. చూసి, బాగుందని సంతకం పెట్టా. అయిదువందలు అచ్చయ్యాయి. పంచేశారు కూడా!”

“అయ్యో! తరవాత?”

“తరవాతేముంది, ఆ పెద్దమనిషి ప్రెస్సుకొచ్చి, ‘ఈ వయసులో నాకు మళ్లీ పెళ్లెందుకయ్యా’ అన్నాడు. ఆయన నవ్వాడు కాబట్టి నేను బతికిపోయా. ఆ శుభలేఖ ఇప్పటికీ దాచుకున్నా. నవ్వే మనిషి అందరికీ దొరకడు. నీకు నేను దొరికాననుకో.” అరటిపండు వైపు చూపించాడు. “తిను ముందు. ఏడుస్తూ తింటే పొలమారుతుంది.”

ఆవిడ తింది. పిన్ని ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, తీయడం మర్చిపోయినట్టు అలాగే ఉంచింది. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కి రెండు స్టాపులు దాటాక గానీ ఆవిడకి తట్టలేదు, తను వెతుకుతున్న కార్డు ఆ గదిలోనే జరిగిపోయిందని.

శుక్రవారం పొద్దున్నే వచ్చి కార్డు తీసింది. ముందువైపు రాయడానికి నిమిషం పట్టింది. ‘ఫ్వే కొన్సొలాదా పోర్ ఎల్ కొర్రెక్తోర్.’ కింద అర్థం: ‘ఆమె ప్రూఫులు చూసే ఆయన చేత ఓదార్చబడింది.’ తిప్పి వెనకవైపు పెట్టుకుంది. ఎవరు, ఎక్కడ, ఏ రోజు రాయడం తేలికే. ‘ఎందుకు’ దగ్గర కలం ఆగింది. ‘మనసు బాగోలేక’ అని రాస్తే సరిపోతుంది. సారు అంతకంటే అడగరు. కానీ అలా రాస్తే అది కల్పించిన వాక్యం కంటే హీనం. ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. నలభైమూడో పేజీ, బంక మరక, ఎర్ర సున్నా, మూడు రోజుల మౌనం. చోటు చాలక చివరి వరుసలు చీమల బారులా అంచు చుట్టూ తిరిగాయి. ‘చూసింది: నేనే’ అని ముగించి, ప్రూఫు కాగితంతో సహా సారు బల్ల మీద పెట్టి నిలబడింది.

“దొరికిందా!” అన్నారు సారు, ముందువైపు చదివి. మొహం వెలిగింది. వెనక్కి తిప్పారు. కార్డుని గుండ్రంగా తిప్పుకుంటూ అంచు చుట్టూ ఉన్నదంతా చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

బయట ఎవరో బెంచీలు జరుపుతున్నారు.

“నీది పొరపాటు” అన్నారు చివరికి. “దాచడం తప్పే. అది వేరే మాట్లాడుకుందాం. నాది పొరపాటు కూడా కాదు. ఆయన గుర్తు పెట్టానంటూనే ఉన్నాడు. నలుగురూ ఉన్నారని తెలిసే అరిచాను. నన్ను చూసి నవ్వారు కాబట్టి ఇంకొకణ్ణి నిలబెట్టి...” వాక్యం పూర్తిచేయలేదు. ఎప్పుడూ వాక్యాన్ని అలా వదిలేసే మనిషి కాదు. “నువ్వెళ్లు. కట్ట మధ్యాహ్నానికి పంపుతాను.”

మధ్యాహ్నం వచ్చిన కట్టలో, అవమానించడం దగ్గర, తను ఏరిపెట్టిన పాత కార్డు లేదు. దాని చోట సారు వంకర దస్తూరీతో కొత్త కార్డుంది. ఇరవై రెండేళ్లలో ఆయన స్వయంగా కార్డు రాయడం ఆవిడ చూడలేదు. ‘ప్రూఫులు చూసే ఆయన అందరి ముందూ ప్రొఫెసరు చేత అవమానించబడ్డాడు.’ వెనక్కి తిప్పి చూడాలనిపించింది. చూడలేదు. కిందికి అచ్చుకి ఇచ్చేసి, ప్రూఫులు చూడ్డానికి రేపు రమ్మని బాబాయికి ఫోన్ చేసింది.

శనివారం బాబాయి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా కుర్చీ తుడుచుకుని కూర్చుని, కింద నుంచి కార్డులతో సహా వచ్చిన కొత్త ప్రూఫులు ముందేసుకుని, స్కేలూ పెన్సిలూ అందుకున్నాడు. ఇకమీదట ప్రతి వాక్యాన్నీ కార్డు రెండువైపులతోనూ సరిచూడాలని తనకి తనే కొత్త నియమం పెట్టుకున్నాడట. కార్డులమ్మ పక్క బల్ల మీద ఖాళీ కాగితాన్ని శ్రద్ధగా సర్దుతూ ఓరకంట చూస్తోంది.

ఓదార్పు వాక్యం దగ్గర ఆయన ఆగాడు. “ఓదార్చానా నేను? అరటిపండు పెట్టానంతేగా” అని గొణుక్కుని టిక్కు పెట్టాడు. స్కేలు ఇంకో రెండు వరుసలు దిగింది. అవమానించడం దగ్గర మళ్లీ ఆగింది. పెదవులు కదలడం మానేశాయి. కార్డు వెనక్కి తిప్పాడు. చదివాడు. అందులో ఎంతుందో ఏమో, చాలాసేపు చదివాడు. తరవాత కార్డు పట్టుకుని లేచి, సారు గది తలుపు తట్టాడు. తలుపు తెరిచే ఉంచాడు కాబట్టి బయట గదిలో అందరికీ వినపడింది.

“ఇందులో ఒక తప్పుందండీ.”

సారు లేచి నిలబడ్డారు. సోమవారం బాబాయి నిలబడ్డట్టే నిలబడ్డారు. “చెప్పండి. తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తాను. అడక్కుండా మిమ్మల్ని మళ్లీ అచ్చులోకి లాగాను.”

“వాక్యం బాగానే ఉంది, పేర్లేం లేవుగా, ఉండనివ్వండి. వెనకవైపు, రోజు. మంగళవారం అని రాశారు. జరిగింది సోమవారం.”

సారు కార్డు తీసుకుని చూశారు. “సోమవారమా? నాకు మంగళవారమనే గుర్తు.”

“మీకు గుర్తుండకపోవచ్చు లెండి” అన్నాడు బాబాయి. మాటలో కోపం లేదు, అచ్చుతప్పు చెప్పేటప్పటి గొంతే అది. “నాకుంటుంది కదా.”

సారు బాబాయి చేతిలోని ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని, మంగళవారం కొట్టేసి, పైన సోమవారం అని రాశారు. ‘వా’ దీర్ఘం వంకరపోయింది. కార్డు తిరిగి ఇస్తూ, “కూర్చోండి” అని తన ఎదురు కుర్చీ మీది పుస్తకాలు తనే ఎత్తి కింద పెట్టారు.

బాబాయి కూర్చున్నాడు. కార్డుని కిటికీ వెలుగులో దగ్గరగా పట్టి, ఆ ఒక్క మాటా అక్షరం అక్షరం చదివి, మూలన తన టిక్కు పెట్టాడు.